నేను కొట్టేసిన జవాబు

ఇరవై ఏళ్లకు పైగా ఒక విషయం గుండెలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో రాజమండ్రిలో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో జావా చెప్పేవాణ్ణి. నిజానికి జావా వచ్చని అబద్ధమాడి ఆ ఉద్యోగంలో చేరాను. పొద్దున పుస్తకంలో చదివింది మధ్యాహ్నం బోర్డు మీద రాసేవాణ్ణి. విద్యార్థుల కంటే ఒక్క పాఠం ముందుండేవాణ్ణి, అంతే. ఎక్కడ దొరికిపోతానోనని రోజూ భయమే.

ఆ బ్యాచ్‌లో సువార్త అనే అమ్మాయి ఉండేది. కడియం నుంచి బస్సులో వచ్చేది. అమ్మా నాన్నా నర్సరీలో మొక్కలకు అంటు కట్టే కూలీలు. చివరి పరీక్షలో మొదట వచ్చినవారికి అక్కడే ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం ఇస్తానన్నారు మా యజమాని. ఆ ఉద్యోగం మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు.

పరీక్షలో ఒక ప్రశ్న: రెండు సబ్జెక్టుల మార్కులు, నలభై, ముప్పై అయిదు. వాటి మొత్తాన్ని స్ట్రింగ్‌గా, అంటే అంకెలా కాక మామూలు రాతలా, మార్చి చూపించాలి. నేను క్లాసులో చెప్పిన పద్ధతి తేలిక. ఖాళీ కోట్స్, అంటే మధ్యలో ఏమీ లేని కొటేషన్ గుర్తులు పెట్టి, ప్లస్ గుర్తు వేసి, పక్కన అంకెలు రాయడమే. సువార్త అలా రాయలేదు. ‘స్ట్రింగ్ డాట్ వాల్యూ ఆఫ్’ అని రాసి, బ్రాకెట్లో రెండు అంకెలనూ కూడింది. నేనెప్పుడూ చూడని మాట. కొట్టేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు లేచి నిలబడింది.

“సార్, ఇది కూడా కరెక్టేనండి. లైబ్రరీ పుస్తకంలో చూశానండి. ఒక్కసారి సిస్టంలో వేసి చూద్దామాండి?”

“నేను చెప్పింది రాస్తే చాలమ్మా. సొంత తెలివితేటలు ఇక్కడ చూపించకు.”

క్లాసంతా నవ్వింది. ఆమె కూర్చుంది.

అందరూ వెళ్లాక రెండు జవాబులూ కంప్యూటర్లో వేసి చూశాను. ఆమెది డెబ్బై అయిదు చూపించింది. నాది 4035. కోట్స్ తర్వాత వచ్చిన అంకెలను జావా కూడదనీ, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తుందనీ నాకు తెలిసింది అప్పుడే. తెలియకపోవడం తప్పా? కాకపోవచ్చు. కానీ తెలిశాక? ఫలితాలు యజమానికి ఇవ్వడానికి ఇంకా రెండు రోజుల గడువుంది, ఆ రెండు రోజులూ ఆయన గది ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో నాకే తెలియదు, ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. ఉద్యోగం, నా మాట నమ్మి తప్పు జవాబు రాసిన ఇంకొకరికి వెళ్లింది. తేడా రెండు మార్కులు, సరిగ్గా ఆ ఒక్క ప్రశ్నవే. తర్వాతి బ్యాచ్‌కు సువార్త రాసిన పద్ధతే చెప్పాను. నాదే అన్నట్టు చెప్పాను.

కొన్నేళ్లకు మొక్కల కోసం కడియం వెళ్లాను. గులాబీలకు అంటు కడుతూ కనిపించింది. నన్ను చూసి గబగబా లేచి, చేతులు తుడుచుకుని, పక్కనున్న ఆడవాళ్లతో గొప్పగా చెప్పింది. “మా సారండి. నాకు కంప్యూటర్ నేర్పారు.”

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నవ్వి, మొక్కలు తీసుకుని వచ్చేశాను.

తన జవాబు తప్పని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉందేమో. క్షమించమని అడగను. అది నాకోసం అడిగినట్టే అవుతుంది. ఇది మాత్రం రాస్తాను. సువార్తా, నువ్వు రాసిందే సరైనది. తప్పు నాది. ఆ సాయంత్రమే నాకు తెలుసు.