దవఖాన రొట్టె

మా చిన్నప్పుడు... ఓ పొద్దున బెల్లంపల్లి బొగ్గుబావి మొదటి సైరన్ మోగేసరికి అవ్వ, అంటే మా అమ్మ, చలిజ్వరంతో దుప్పటి ముసుగులోనే ఉంది. కాచిన జొన్న గటక లేదు, నంజుకునే తొక్కు లేదు. బాపు మాత్రం బూట్లు తొడుక్కుంటున్నాడు. రెండో సైరన్ మోగేలోపు బయల్దేరాలి... ఖాళీ కడుపుతో.

నాకు పదకొండేళ్లు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. సాయంత్రం దాకా నేల కింద బొగ్గు కొట్టే మనిషి తినకుండా పోవడమేంటి?

ఇంట్లో వండకుండా కడుపు నింపేది ఒక్కటే... అవ్వకు జ్వరమని తెచ్చిన డబల్ రొట్టె, అదే బ్రెడ్డు. ఆ రోజుల్లో అది దవఖాన తిండి. ఎవరింటికైనా రొట్టె వచ్చిందంటే వాడకట్టంతా పరామర్శకు వచ్చేది. పైగా ఓ పట్టింపు... రోగి రొట్టె తిని బావిలోకి దిగినవాడు తిరిగి పైకి రాడట.

నేనేమో మిషన్ దవఖాన నర్సమ్మ పంచిన సన్న పుస్తకాలన్నీ చదివేసినదాన్ని. మొలకెత్తిన పెసలు, పచ్చి ఉల్లిగడ్డ, టమాట ఒంటికి బలమని వాటిలో ఉంది.

అవ్వ చలికని పెట్టిన కుంపట్లో ఇంకా నిప్పుంది. విసిరి రాజేసి, రొట్టె ముక్కల్ని పట్టకారుతో పట్టుకుని రెండు వైపులా ఎర్రగా కాల్చాను. టమాట పిసికి పూశాను. పైన ఉల్లిగడ్డ తరుగు, రెండు రోజుల ముందే నేను గుడ్డలో మూటకట్టిన పెసర మొలకలు, ఉప్పు, కారం, కాస్త నిమ్మరసం... అంతే.

అవ్వ ముసుగు తీసి చూసింది.

"ఏందే గది? బాయిల దిగే మనిషికి రోగపు రొట్టె పెడ్తవా? జర బుద్ధున్నదా నీకు?"

"గోధుమ పిండే గదనే అవ్వా. ఎవలకు జరమో రొట్టెకేం ఎర్క?"

"సూసినవా నీ బిడ్డ మాటలు? గిదంతా నీ గారాబమే" అని అవ్వ బాపు మీద పడింది.

బాపు నా మొహం చూశాడు. "నువ్వు జేసినవు గదా బిడ్డా. తింట."

నిలబడే మూడు ముక్కలు తిన్నాడు. "కారం జర ఎక్కువైంది" అని నవ్వుతూ వెళ్లాడు.

సాయంత్రం షిఫ్టు దిగింది. పక్కిళ్లవాళ్లంతా వచ్చారు. బాపు రాలేదు... అవ్వ దుప్పటి కప్పుకునే వచ్చి గడపలో నిలబడింది. అది చూసి పరుగెత్తి బావి గేటు దగ్గర నిలబడ్డాను. మసి పూసుకున్న మొహాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పొద్దున అంత ఎగిరిన నేను, బాపు పైకి వస్తే చాలు, ఆ రొట్టె ఇంకెప్పుడూ పెట్టనని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను.

"గిక్కడేం జేస్తున్నవు బిడ్డా?"

వెనక నుంచి... బజారు వైపు నుంచి వచ్చాడు బాపు. చంకలో కొత్త డబల్ రొట్టె.

"బాయిల నాతోని పనిజేసే మా జోడీగాడు గూడ తింటడట. రేపు ఇద్దరికి చెయ్యి."

ఇంటికి నడుస్తుంటే ముగ్గురు ఆపి, జ్వరం ఎవరికని అడిగారు. ముగ్గురికీ బాపుది ఒకటే జవాబు: "ఎవలకు లేదు. ఆకలైతున్నది."

నేను ఏడ్చానని మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు చదువు కోసం పంతం పట్టి కరీంనగర్ వచ్చాను. గదిలో స్టవ్ మీద అదే రొట్టె కాల్చుకుంటాను... అవే మొలకలు, అదే కారం. ఇక్కడ రొట్టె కొంటే జ్వరమెవరికని అడిగేవాళ్లు లేరు. సైరన్ వినపడదు. బాపు ఇంకా బావిలోకి దిగుతూనే ఉన్నాడు... షిఫ్టు దిగే వేళకు నా చేతిలో ముక్క నోటిదాకా రాదు.

పనికి పోయే మనిషికి మీ చేత్తో మొదటిసారి ఏం చేసి పెట్టారు? ఆ మనిషి తిరిగి వచ్చేదాకా మీకు ఎట్లా గడిచింది? రాయండి... చదువుతాను.