గంగయ్య మావయ్య దాచిన ఉత్తరాలు

మా గంగయ్య మావయ్య గోదారికి ఇచ్చేసిన ఉత్తరాలను మళ్లీ గోదాట్లోంచే దొంగిలించాడని రేవులో చెప్పుకుంటారు. చనిపోయిన భాస్కరం మాస్టారి ఉత్తరాల మూటను నది మధ్యలో వదలడానికి ముందురోజే, దిగువన వంతెన స్తంభాల దగ్గర సన్నకన్నుల వల కట్టి వచ్చాడట. మూట కొట్టుకుపోయి అందులో పడిందట. మర్నాడు దాన్ని తీసి, డాబా మీద చేపలు ఎండబెట్టినట్టు ఉత్తరాలు ఎండబెట్టాడట. ఈ కథ చేపల బజారులో పాపాయి దగ్గర పుట్టిందంటారు. పాపాయి బుట్టలో చేప కంటే కబురే తాజాగా ఉంటుందని మా అమ్మ నవ్వుతుంది.

మావయ్య మా అమ్మకి అన్న. అరవై నాలుగేళ్లు ఉంటాయి. రాజమహేంద్రవరంలో గోదారి గట్టునే మా ఇల్లు. పొద్దున్నే చేపలు పట్టి వచ్చి, ఎండెక్కాక అస్థికలు కలపడానికి వచ్చినవాళ్లను నది మధ్యకు తీసుకెళ్తాడు. నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాక, పడవ వెనక కూర్చుని తెడ్డుతో దారి తిప్పడం నా పని అయింది. అక్కడ కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందరూ కనిపిస్తారు.

మా వైపు అక్షరం ఉన్న కాగితాన్ని చెత్తలో పారెయ్యరు. ఇంట్లో పెద్దవాళ్లు పోయాక, వాళ్ల పుస్తకాలు ఎవరికీ అక్కర్లేకపోతే బట్టలో కట్టి తెచ్చి గోదాట్లో కలుపుతారు. అలా వచ్చిన మూటల నుంచే మావయ్య ట్రంకుపెట్టె నిండింది. దాంట్లో ఉన్నవన్నీ ఒక్క మనిషివే. దేవగుప్తపు విశ్వపతి గారని పెద్ద నవలా రచయిత. పోయి నలభయ్యేళ్లు దాటింది. చదివి ఉత్తరం రాసిన ప్రతివాళ్లకీ ఆయన కార్డు మీద జవాబు రాసేవారట. అందుకే నిడదవోలులోనో పెద్దాపురంలోనో ఏ ఇంట్లో చూసినా, పాత ఉత్తరాల మధ్య ఆయన కార్డు ఒకటి ఇనపతీగకు గుచ్చి ఉండేదట. మావయ్య దగ్గరున్న కార్డులన్నిటికీ నడిమధ్యలో చిల్లు ఉంటుంది.

మావయ్య చదువు ఐదో తరగతి. చదివే పిచ్చి మా వీరవేణి అత్తది. మావయ్య వల బాగుచేసుకుంటుంటే పక్కన కూర్చుని అద్దెపుస్తకాలు పైకి చదివేదట. వాటిలో విశ్వపతి గారి ‘ఎర్రనీటి రోజులు’ ఒకటి. వరదలో లంక మునిగిపోతుంటే, చంద్రి అనే పిల్ల ఆఖరి పడవ ఎక్కి, విడిచిపోయిన మొగుణ్ణి చేరుకోవడంతో అది ముగుస్తుంది. అత్త ఆ ముగింపును నమ్మేది కాదు. అన్ని పేజీలు ఆ పిల్ల వెంట తిరిగాను, అది పడవ ఎక్కే రకం కాదు అనేదట. ఎక్కకపోతే చచ్చిపోతుంది కదే అని మావయ్య వాదించేవాడట. అన్నం ముందు కూర్చుని కూడా దెబ్బలాడుకునేవారని అమ్మ చెబుతుంది.

ఒకసారి గ్రంథాలయంలో ఎవరో అత్తకు చెప్పారు, మొదటి ముద్రణలో ముగింపు వేరుగా ఉండేదనీ, చదివినవాళ్లు గొడవ చేస్తే మార్చేశారనీ. ఆ మొదటి ముద్రణ మూడొందల కాపీలేనట. ఎక్కడా దొరకలేదు. అత్త అడిగింది కదా అని మావయ్య వెతకడం మొదలుపెట్టాడు. వెతికితే విశ్వపతి గారి మిగతా నవలల మొదటి ముద్రణలు పదకొండు దొరికాయి. ఉత్తరాలు అరవై మూడు దొరికాయి. అది మాత్రం దొరకలేదు. అత్త పోయి తొమ్మిదేళ్లయినా మావయ్య వెతుకుతూనే ఉన్నాడు. పుస్తకాలను అత్త పాతచీరల ముక్కల్లో చుట్టి, మధ్యలో వేపాకు పెడతాడు. నెలకోసారి నన్ను పిలిచి నీడపట్టున ఆరబెట్టిస్తాడు.

మూట అడగడానికి ఆయనకు ఒక పద్ధతి ఉంది. గట్టు మీద ఉండగా, ఒక్కసారే అడుగుతాడు. ‘‘ఇందులో విశ్వపతి గారివేమైనా ఉన్నాయాండి? ఉంటే దాచుకుంటాను.’’ ఇస్తే తీసుకుంటాడు. లేదంటే మళ్లీ ఆ మాట ఎత్తడు. పడవ గట్టు వదిలాక అసలు అడగడు. నీళ్ల మీదికి వచ్చిన వస్తువు గోదారిదేనని మా పడవలవాళ్ల లెక్క.

పోయినేడు కార్తీకం వెళ్లాక మాణిక్యాంబగారు వచ్చారు. కూతురు ఫణిశ్రీ కూడా ఉంది. ఆవిడ భర్త భాస్కరం మాస్టారు పోయి ఏడాది నిండింది. మూట పట్టుబట్టలో ఉంది, నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. పట్టుబట్టా పసుపూ చూసి, అవి పూజ పుస్తకాలు అనుకున్నాడు మావయ్య. దేవుడి పుస్తకాలను మేము అడగం. అందుకని ఆ రోజు గట్టు మీద అడగనేలేదు.

నది మధ్యకు వెళ్లాక ఆవిడ ముడి విప్పారు. కట్టి ఉన్నది వదలకూడదు కదా. పైన ఉన్న పుస్తకం అట్ట నీలం రంగుది, మూలలు అరిగిపోయాయి. ‘ఎర్రనీటి రోజులు’ అన్న పేరు నాకు వెనక నుంచే కనిపించింది. కింద దారంతో కట్టిన కార్డులు.

మావయ్య తెడ్డు ఆగిపోయింది. పడవ అడ్డం తిరగబోతుంటే నేను నిలబెట్టాను. నోరు తెరుస్తాడనే అనుకున్నాను. ఆగావేంటి గంగయ్యా అని ఆవిడ అడిగితే, ఏం లేదమ్మగారూ, కానివ్వండి అన్నాడు. ఆవిడ ముందు పుస్తకం వదిలారు. అది కాసేపు తేలి, పేజీలు విచ్చుకుని, మునిగింది. తర్వాత కార్డులు ఒక్కొక్కటే వదిలారు. మావయ్య నీళ్ల వైపు చూడలేదు. అవతలి గట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

గట్టుకు చేరాక ఆవిడ మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే, మావయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని దగ్గరకు వెళ్లాడు.

‘‘అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఆ పుస్తకంలో చంద్రి చివరికి పడవ ఎక్కిందాండి?’’

ఆవిడ చెప్పు వేసుకోవడం ఆపి చూశారు. ‘‘ఆ పిల్ల నీకెలా తెలుసయ్యా?’’

‘‘మా ఇంటిదానికి బాగా తెలుసండి.’’

‘‘ఎక్కలేదు’’ అన్నారు ఆవిడ. ‘‘గట్టు మీదే నిలబడిపోయింది. పడవవాడు పిలుస్తూనే ఉంటాడు.’’

మావయ్య తల ఊపాడు. ‘‘మా ఆవిడ అదే అందండి. నేనే ఒప్పుకోలేదు. పడవవాణ్ణి కదండి, అందరూ ఎక్కాలనే ఉంటుంది నాకు.’’

ఫణిశ్రీకి అప్పుడు అర్థమైంది. ‘‘పడవలో ఒక్కమాట చెప్పొచ్చుగా, గంగయ్యగారూ. అమ్మ ఇచ్చేసేది కదా.’’

‘‘నీళ్ల మీద అది గోదారి తల్లిదండి. అడిగితే ఆవిణ్ణే అడగాలి’’ అన్నాడు.

మాణిక్యాంబగారు మెట్టు మీదే కూర్చుండిపోయారు. తన తర్వాత ఇవి పాతకాగితాల తూకానికి పోకూడదని మాస్టారు మరీ మరీ చెప్పారట. ఎవరికివ్వాలో తెలియక తెచ్చి కలిపేశానన్నారు. ఆ ముగింపు మీద గొడవపడి ఉత్తరాలు రాసినవాళ్లలో మాస్టారూ ఒకరట. దానికి వచ్చిన జవాబును, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ, పద్యం అప్పజెప్పినట్టు చెప్పారు. ‘‘మీరంతా కోప్పడ్డారు గనక ఆ పిల్లను పడవ ఎక్కించాను, మాస్టారూ. నా లోపల మాత్రం అది ఇంకా గట్టునే ఉంది.’’ మాస్టారు ఆ కార్డులు ఎన్నిసార్లు చదివి వినిపించారో లెక్కలేదు, వద్దన్నా నోటికి వచ్చేశాయని అన్నారు. మావయ్య ఆ ముక్క మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత వేసవిలో కాకినాడ నుంచి ఒక కాలేజీ మాస్టారు, విశ్వపతి గారి మీద పుస్తకం రాస్తున్నానని వచ్చారు. పెట్టెలోవాటికి నేను రాసిపెట్టిన జాబితా చూస్తూ, భాస్కరం మాస్టారికి రాసినవి పద్నాలుగు అన్న చోట ఆగారు. పెట్టె తాళం తీసేలోపు ఫోన్ వచ్చి, రైలుకు టైమైందని వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ టీకొట్టు దగ్గర ఆ సంగతి చెప్పారు. ఆ మూట గోదాట్లో కలిసిందని రేవులో అందరికీ తెలుసు. ఇంకేముంది, సాయంత్రానికి వల కూడా కట్టేశారు.

నిజం చెప్పెయ్యి మావయ్యా అన్నాను. పెద్దావిడ పేరు బజార్లోకి ఎందుకే, నన్ను అననీ అన్నాడు. ఇప్పుడు ఆవిడే నన్ను రాయమన్నారు గనక రాస్తున్నాను.

పెట్టెలో ఉన్న ఆ పద్నాలుగూ కార్డులు కావు, రూళ్ల కాగితాలు. డెబ్బై ఎనిమిదేళ్ల మాణిక్యాంబగారు తొమ్మిది గురువారాలు ఆటోలో మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, గుర్తున్నది గుర్తున్నట్టు తన చేత్తో రాసి ఇచ్చారు.