పదో సినిమాలో బతకాలనుకున్న నెవిల్

నెవిల్ మొన్న ఏప్రిల్‌లో నిజంగానే పోయాడు. అంతకుముందు తొమ్మిదిసార్లు పోయాడు గాని, అవన్నీ సినిమాల్లో, తెర మీద. ఇరవై రెండేళ్లు అతనితో కాపురం చేసినవాణ్ని, ఒక్క చావూ మరిచిపోలేదు.

వారమంతా అతనికి మారిక్‌విల్ పేటలో టైల్స్ దుకాణంలో పని. సిడ్నీలో ఎవరైనా సినిమా తీస్తూ, మగవాణ్ని ప్రేమించే మగవాడొకడు కావాలనుకుంటే అతనికి కబురొచ్చేది. వేషం తేలికే. కథానాయికకు గౌను ఎంచిపెట్టాలి, ఆమె ఏడిస్తే భుజం ఇవ్వాలి, ముప్పావు సినిమా అయ్యేసరికి చచ్చిపోవాలి. జబ్బు చేసి అయిదుసార్లు, తాగుబోతుల చేతుల్లో నాలుగుసార్లు. ఆ పాత్రలకు ప్రేమించినవాడంటూ ఉండడు. ఉంటే, శవం దగ్గర ఏడవడానికి కథానాయికకు పోటీ వస్తాడు కదా.

పదో సినిమా కథ చదివి నెవిల్ వంటింట్లో ఉన్న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ లెస్, చివరి పేజీలో ఉన్నాన్రా! పెళ్లి విందులో నా జతగాడితో డాన్సు చేస్తాను!"

"సరిగ్గా చూడు, దయ్యమై వచ్చావేమో."

"నోర్ముయ్. ఒక్క సినిమాలోనైనా ఆఖరిదాకా బతికుండి చూపిస్తాను."

డాన్సు తీశారు. విడుదలకు ముందు, మామూలుగా చేసినట్టే, శివారు పేటలో ఓ హాలు నింపి సినిమా వేసి, ఎలా ఉందో రాయమని జనం చేతికి కార్డులూ పెన్సిళ్లూ ఇచ్చారు. జనం దయగలవాళ్లు. "అతను చాలా మంచివాడు, పాపం పోతాడనుకున్నాం, పోలేదు, ఏడుపు రాలేదు" అని రాశారు.

కుర్ర దర్శకుడు ఫోన్ చేశాడు. "నెవ్, జనానికి నువ్వంటే ప్రాణం! ఒక్క పూట వచ్చి ఆసుపత్రి మంచం మీద పడుకుంటే చాలు."

"అంత ఇష్టమైతే చంపడం దేనికయ్యా? నేను రాను."

వేషాలు ఇప్పించే మౌరీన్ లబోదిబోమంది. "ఇలాగైతే నిన్నింకెవరూ పిలవరు, నాయనా!"

"పిలిచేది చంపడానికేగా, తల్లీ."

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు కూడా.

సినిమా విడుదలైన రోజు మ్యాట్నీకి వెళ్లాం. ఊదారంగు చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. డాన్సు లేదు. అతను ఆసుపత్రి మంచం ఎక్కకపోయినా చావు ఆగలేదు. కథానాయిక సముద్రం వైపు చూస్తూ, "పోయిన చలికాలంలో వెళ్లిపోయాడు," అంది. హాలంతా ముక్కులు చీదింది. నెవిల్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు.

మా ముందు వరసలో ముసలావిడ గిర్రున వెనక్కి తిరిగింది. "సిగ్గులేదూ? అక్కడ మనిషి పోయాడు!"

"అది నేనేనమ్మా."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని తెర వెలుగులో అతని మొహం పరీక్షగా చూసింది. తర్వాత మా చేతులు చూసింది.

"మరి ఈయనెవరు?"

"మా ఆయన."

"అలాగా. ఈయన్ని చూపించలేదేం?"

"రాయలేదండీ."

ఆవిడ తెరకు వీపు పెట్టి, సీటు మీద మోచేతులు ఆనించి, పిప్పరమెంట్ల పొట్లం మా ముందుకు చాచింది.

"ఇందులో ఇంకేముందిలే చూడ్డానికి. మీరిద్దరూ ఎక్కడ కలిశారో చెప్పండి."

నెవిల్ ఓ బిళ్ల బుగ్గన పెట్టుకుని చెప్పసాగాడు.