రూప్లికి ఏడుపొస్తే

తల్లాడ అవతలి తండాలో రూప్లి అంటే ఏడుపు నేర్పే మనిషి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, లంబాడా పెళ్ళిలో అత్తారింటికి పోయే పిల్ల ఊరికే కళ్ళొత్తుకుంటే సరిపోదు. తల్లిని, తండ్రిని, పిన్నమ్మలను ఒక్కొక్కరినే వాటేసుకుని, అప్పటికప్పుడు మాటలు కట్టి, రాగం తీసి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటారు. పెళ్ళికి ముందే పిల్లను కూర్చోబెట్టి ఆ రాగం నేర్పేది రూప్లే. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్ల గొంతెత్తితే మగపెళ్ళివారు కూడా తలపాగా కొసతో ముక్కు తుడుచుకోవాల్సిందే.

నేను ఆ తండాకు నర్సుగా వచ్చిన కొత్తలో, ఎనభైల చివర ఒక వానాకాలం, రూప్లికి మెదడువాపు జ్వరం వచ్చింది. బతకడం కష్టమన్నారు. ఆమె ఎవరి మాటా వినే రకం కాదు, బతికింది. లేచి నడిచింది, వండింది, మొగుడు రూప్‌సింగ్‌ను ఎప్పటిలాగే తిట్టింది. ఒక్కటే తేడా. ఏడవాల్సిన చోట నవ్వొచ్చేది. మేక చస్తే నవ్వింది. మరిది పోయిన రోజు నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుని చేన్లోకి పరుగెత్తింది. లోపల ఉన్నది దుఃఖమే, బయటికి వచ్చేసరికి నవ్వయ్యేది.

రెండేళ్ళయినా తగ్గకపోతే నేనే ఆమెను ఖమ్మంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఓపికగా చెప్పాడు. జ్వరం తెచ్చిన క్రిమి ఎప్పుడో పోయింది. దానితో పోరాడడానికి లేచిన ఒంటి రక్షణ బలగం మెదడులో కొంత చోటును కూడా దెబ్బతీసింది. నవ్వుకీ ఏడుపుకీ పగ్గం అక్కడే ఉందట. క్రిమి పోయాక కూడా కొందరిలో ఆ బలగం ఏళ్ళ తరబడి చల్లారదని ఇప్పుడిప్పుడే అనుకుంటున్నారట, ఇంకా పూర్తిగా తేలలేదట. రూప్లి అంతా విని నా వైపు తిరిగింది.

"అంటే సిస్టరమ్మా, చేను కోసినంక గూడ కావలోడు మంచె దిగుతలేడు. పిట్టలు లేకున్నా ఒడిసెల తిప్పుతనే ఉన్నడు. గంతేనా?"

డాక్టరు అంతేనన్నాడు. పిచ్చి కాదని తెలిసింది, ఆమెకు అదే పదివేలు. తిరుగు బస్సులో దారి పొడవునా ఆ కావలోణ్ణి తిడుతూనే వచ్చింది.

అసలు గండం కూతురు ద్వాలికి బూర్గంపాడు వైపు సంబంధం కుదిరినప్పుడు వచ్చింది. పిల్లను సాగనంపేటప్పుడు తల్లి పకపకా నవ్వితే వియ్యాలవారు ఏమనుకుంటారు? ఎగతాళి అనుకుంటారు, లేదంటే పిచ్చి వంశం అనుకుంటారు. ఢావ్లో వేళకు రూప్లిని ఇంట్లో పెట్టి గొళ్ళెం వేద్దామని పెద్దలు తేల్చారు. రూప్‌సింగ్ తలూపాడు. నాకు ఒళ్ళు మండింది. రూప్లి మాత్రం ఒప్పుకుంది, బిడ్డ కాపురం కంటే తన ముచ్చట ఎక్కువా అంది. అని నవ్వింది.

సాగనంపే వేళ ద్వాలి ముందుగా గోరి అనే పిన్నిని పట్టుకుని రాగం ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. నేరుగా పోయి గొళ్ళెం తీసింది. తల్లిని పందిట్లోకి తెచ్చి, మెడ చుట్టూ చేతులు వేసి అప్పుడు మొదలుపెట్టింది. రూప్లి పళ్ళు బిగబట్టింది గానీ లాభం లేకపోయింది, పకపకా నవ్వేసింది. జనం నోళ్ళు నొక్కుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి చాంది ముఖం మాడ్చుకుంది. ద్వాలి రాగం ఆపలేదు, అందులోనే కొత్త మాటలు కట్టింది. వాళ్ళ భాషలో యాడి అంటే తల్లి. నాకు అర్థమైనంతలో ఆ మాటలు ఇవి:

"మా యాడి నవ్వుతుందనుకోకుండ్రి. జరమొచ్చి ఆమె ఏడుపును ఎత్తుకపోయింది, నవ్వును ఇడిచిపోయింది. గిది నా కోసం ఏడ్చే ఏడుపే. యాడీ, ఇంకింత ఏడువు."

రూప్లి నవ్వు పందిరి దాటిపోయింది. తండా తండా అంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చాంది లేచి వచ్చి, కోడలికంటే ముందు రూప్లిని కావిలించుకుంది.

"బెంగ పెట్టుకోకు వదినా. నువ్వు గిట్ల నవ్వినవని కబురొస్తే చాలు, పిల్లను తోలుకొస్త."

పెళ్ళికొడుకును, ద్వాలిని ట్రాక్టరు ఎక్కించారు. ఇంజను ఇలా మొదలైందో లేదో, రూప్లి మళ్ళీ గొల్లున నవ్వింది. చాంది ఒక్క క్షణం ఆమెను చూసి, ఇంజను ఆపమంది. పిల్ల చెయ్యి పట్టి కిందికి దింపి, రేపు పోదాం లెమ్మని తానూ దిగింది.