మూడో అరలో పంజరం

మా దోమల ల్యాబులో అసలు శాస్త్రవేత్త ఎవరని అడిగితే నేను మెర్సీకుట్టి చేచ్చినే చూపిస్తాను. చేచ్చి అంటే ఇక్కడ అక్క. చదివింది ఎనిమిదో తరగతి, చేసేది అటెండరు పని. కేరళలోని ఈ ఆలప్పుళలో డెంగీ మీద ఏ పరిశోధన చెయ్యాలన్నా దోమలు కావాలి. అవి గుడ్లు పెట్టాలంటే రక్తం కావాలి. ఇరవై రెండేళ్లుగా ఆ రక్తం ఆమెదే. రోజూ పదకొండింటికి మూడో అరలో ఎడమ చివరి పంజరం ముందు స్టూలు వేసుకుని, గుడ్డ తొడుగులోంచి ఒక చెయ్యి లోపలికి పోనిచ్చి, రెండో చేత్తో జపమాల తిప్పుతూ కూర్చునేది. పది పూసలయ్యేసరికి దోమల కడుపులు ఎర్రగా నిండేవి. రోగం రొష్టు లేని దోమలు, తరతరాలుగా ల్యాబులోనే పుట్టి పెరిగినవి.

“కుట్టేవన్నీ ఆడవే కదా మోనే. ఇంతమంది ఆడపిల్లల్ని సాకిన తల్లి ఈ జిల్లాలో ఇంకెవరుంది?” అని, కొడుకుని పిలిచినట్టు ‘మోనే’ అంటూ నన్ను నవ్వించేది.

కిందటేడు ఆమెకు ఇంటిదగ్గరే డెంగీ వచ్చింది. ఇంకో రకం డెంగీ మళ్లీ వస్తే ప్రాణానికే ముప్పు రావచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడు. దానికి తోడు మోకాళ్ల నొప్పులు. నొప్పి మాత్రలు ఎప్పుడూ సంచిలో ఉండేవి. డెంగీ జ్వరంలో ఆ మాత్ర వేసుకుంటే లోపల రక్తం కారడం మొదలవ్వచ్చు. ఇదంతా నాకు తెలుసు.

జూన్‌లో ఒకరోజు, డెంగీతో ఇద్దరు పోయిన సందులో దోమలు పట్టుకుని వానలో ముద్దగా తడిసి వచ్చాను. బయటి దోమల్ని లోపలి గదిలో పెట్టి తాళం వెయ్యాలి. బద్ధకించాను. చేచ్చి రోజూ చెయ్యి పెట్టే పంజరాన్ని పై అరలోకి నెట్టి, నా పంజరాన్ని ఆ చోట పెట్టి, చొక్కా మార్చుకోవడానికి వెళ్లాను. దాని మీద అంటించిన చీటీ తడిసి ఎక్కడో ఊడిపోయింది. తిరిగి వచ్చేసరికి ఆమె చెయ్యి నా పంజరంలో ఉంది.

అరవాల్సింది. అరవలేదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పూసలు అయిపోయాయి, ఆమె చెయ్యి తీసుకుని వెళ్లిపోయింది. ఎర్రటి కడుపులు లెక్కపెడితే తొమ్మిది. పంజరాన్ని లోపల దాచి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆ తర్వాత నాకు భయం తప్ప ఇంకేమీ లేదు. పొద్దున ల్యాబు మెట్లెక్కుతూ ఒకటే ఆలోచన: ఆమె వచ్చిందా, రాలేదా? రోజూ నల్ల టీ కాచి ఇచ్చేది. ఒంటి వేడి తెలుస్తుందని గ్లాసు అందుకునేటప్పుడు వేళ్లు తాకించేవాణ్ణి. పురుటికి వచ్చిన కూతురు జిన్సిని, నలభై రోజుల పసిదానితో సహా, పోట్లాడి అత్తవారింటికి పంపేశానని రెండో రోజు చెప్పింది. పిల్ల ఏడుపుతో నిద్ర లేదట. పసిదానికి గండం తప్పిందని లోపల సంతోషించాను. సిగ్గులేని సంతోషం.

నాలుగో రోజు కళ్లు మండుతున్నాయంటూ సంచిలో చెయ్యి పెట్టింది. ఇక ఆగలేకపోయాను. ఆ మాత్ర వేసుకోవద్దని, తన చేతిని కుట్టినవి జ్వరాల సందు దోమలని చెప్పేశాను. ఆమె సంచిలోంచి తీసింది అన్నం డబ్బా.

“మాత్రలు ఆరోజే కాలవలో పారేశాను. నా దోమలు నిమ్మళంగా తాగుతాయి. అవేమో లేచి లేచి కుట్టాయి. చెయ్యి తీశాక తెలిసింది, అవి బయటి దోమలని. నేనే కళ్లు ఆనక వేరే పంజరంలో చెయ్యి పెట్టాననుకున్నాను. చూపు లేనిదాన్ని ఉద్యోగంలో ఉంచుతారా? అందుకే నోరెత్తలేదు. ఏ దోమైనా నన్ను కుట్టి పసిదాన్ని కుడుతుందేమోనని జిన్సిని కావాలనే తిట్టాను. ఏడుస్తూ పడవెక్కింది.”

మీరు కూర్చున్న చోటు సరైనదే చేచ్చీ, పంజరం మార్చింది నేను అన్నాను. ఆమె డబ్బా మూత పెట్టేసింది. వెంటనే ఆటోలో తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించాను.

మర్నాడు జ్వరం వచ్చింది. ఐదో రోజుకి చిగుళ్లలోంచి రక్తం. వార్డు బయట బెంచీ మీద, దేవుణ్ణి పెద్దగా నమ్మని నేను దేవుళ్లందరికీ మొక్కాను. పిల్లను అత్తగారి దగ్గర వదిలి వచ్చిన జిన్సి, తల్లి మంచం పక్కనుంచి కదల్లేదు. నొప్పి మాత్ర మింగకపోవడం, ముందే వచ్చి చేరడం ఆమెను కాపాడాయని ఎనిమిదో రోజున డాక్టరు చెప్పాడు.

అప్పటికే పెద్ద సారు ముందు తప్పు ఒప్పుకుని మెమో తీసుకున్నాను. క్షమించమని అడగడానికి లోపలికి వెళ్లాను. ఆమె జపమాల పది పూసలూ పూర్తిచేసింది.

“దోమ కుట్టినందుకు కాదు నా కోపం,” అంది చివరికి. “పొరపాటు ఎవరికైనా అవుతుంది. తప్పు నాదేనని నేను హడలి చస్తుంటే, అంతా తెలిసి నాలుగు రోజులు నా పక్కన కూర్చుని టీ తాగావు చూడు, అదీ.”