నలభై దినాల పథ్యం

మొన్న మా మనవరాలు తన తొమ్మిది నెలల కొడుకుకు టీకా వేయించడానికి మిర్యాలగూడలో ఆస్పత్రికి వెళుతూ, ఇంట్లో ఒక్కదానివే ఉండి ఏం చేస్తావని నన్నూ ఆటో ఎక్కించింది. టీకా అయ్యాక నర్సమ్మ చిన్న చెంచాలో పసుపుపచ్చని మందు పోసి నా ఒళ్ళో ఉన్న పిల్లవాడి నోట్లో వేసి, ఇది కంటిచూపుకని, ఇకమీదట రోజూ ఏదో ఒక ఆకుకూర మెత్తగా ఉడికించి పెట్టమని చెప్పింది. నిమిషం కూడా పట్టలేదు. వాడు సగం మింగి, సగం నా కొంగు మీద ఊశాడు. మనవరాలు నవ్వింది గానీ, నాకు మాత్రం ఎంతసేపటికీ ఆ బల్ల మీది నుంచి లేవబుద్ధి కాలేదు. ఆ చెంచాడు మందు లేక, కనీసం గుప్పెడు కూరాకైనా నోట్లో పడక మా ఇంట్లో జరిగింది ఇప్పటి పిల్లలు నమ్ముతారో లేదో. నా ఈడు వారు నమ్ముతారు.

అవి నిజాం రాజ్యం చివరి రోజులు. నాకు తొమ్మిదేళ్ళు, మా చెల్లెలికి మూడు. ఆ గడబిడలో ఎందరో మగవాళ్ళలాగే మా నాయన కూడా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి అవతల ఎక్కడో తలదాచుకున్నాడు. ఇల్లంతా నాయనమ్మ చేతి మీద నడిచేది. పిల్లలు ఏం తినాలో, ఏం తినకూడదో ఆమె చెప్పిందే శాసనం. కాళ్ళూ చేతులూ కడుక్కుని కూర్చోవాలి, మధ్యలో లేవకూడదు, ఒకరి కంచంలోది ఇంకొకరు ముట్టకూడదు. ఇవన్నీ మంచివే. కానీ గుడ్డు వేడి, పెరుగు దగ్గు, ఆకుకూర తింటే పిల్లల కడుపులో పురుగులు పడతాయి అనేవి కూడా ఆ వరుసలోనే ఉండేవి. తెల్లటి అన్నం, పప్పుకట్టు, ఇంత చింతపండు చారు, అదే మా తిండి. నాయనమ్మను మొండిదని నేను అనలేను. ఆమె నలుగురు పిల్లలను మట్టిలో పెట్టిన మనిషి. ఏ పిల్ల ఏది తిన్న మర్నాడు పోయిందో అదల్లా ఆమె లెక్కలో విషమైపోయింది. మా అమ్మది కోదాడ, వాళ్ళింట్లో గోంగూరో, మునగాకు పప్పో లేకుండా పూట గడిచేది కాదు. మీ కోదాడోళ్ళు పసుల తీరుగ గడ్డి తింటరు అని నాయనమ్మ నవ్వుతూనే అనేది, అమ్మ నవ్వకుండా వినేది.

ఆ వేసవిలో మా వాడకట్టులో పిల్లలకు తట్టు పోసింది. నాకు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది గానీ చెల్లెలికి ఒళ్ళంతా పేలి, జ్వరం దిగాక కూడా మనిషి తేరుకోలేదు. నాయనమ్మ నలభై దినాల పథ్యం పెట్టింది. ఉప్పు వేసిన గంజి, మెత్తటి అన్నం, అంతే. పాలు లేవు, నెయ్యి లేదు, కూర లేదు. తట్టు లోపలికి తిరిగితే పిల్ల దక్కదని ఆమె భయం. చెల్లెలి నోట్లో ఇంకేదీ పడకుండా చూసే కాపలా నాకు అప్పగించింది. తొమ్మిదేళ్ళ పిల్లకు అధికారమిస్తే ఎలా ఉంటుందో చెప్పేదేముంది, కంచం ముందు నేను పెద్ద ఆరిందాలా కూర్చునేదాన్ని. చెల్లెలు నా అన్నంలో చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీద కొట్టేదాన్ని.

ఒకరోజు కొట్టం వెనక అమ్మ చిన్న గిన్నెలో మునగాకు పప్పు కలిపి చెల్లెలికి తినిపిస్తూ కనబడింది. పిల్ల గబగబా మింగుతోంది. నన్ను చూసి అమ్మ చూపుడువేలు పెదవుల మీద పెట్టుకుంది. నేను నేరుగా వెళ్ళి నాయనమ్మకు చెప్పాను.

నాయనమ్మ అరవలేదు. గిన్నె లాక్కుని, "పిల్ల దక్కుడు నీకు ఇష్టం లేదా?" అని అడిగింది. అమ్మ పిల్ల మూతి కొంగుతో తుడిచి లోపలికి తీసుకెళ్ళింది. మళ్ళీ ఆ ప్రయత్నం చేయలేదు.

కొన్నాళ్ళకు, పొద్దు గూకే వేళ అన్నానికి కూర్చుంటే, చెల్లెలి చెయ్యి కంచానికి బదులు నేల మీద పడటం మొదలైంది. నాకు అది ఆటలా తోచింది. కంచాన్ని జరిపి, అది తడుముకుంటుంటే నవ్వాను కూడా. తర్వాత కళ్ళలో తడి పోయింది, నల్లగుడ్డు మీద మసక కమ్మింది, వెలుతురు పడితే మొహం తిప్పుకుని ఏడ్చేది.

"అత్తమ్మా, జర పిల్ల కండ్లు సూడుండ్రి. దీపం పెట్టంగనే గోడ పట్టుకుంటున్నది," అంది అమ్మ.

"తట్టు వేడి. పథ్యం దినాలు ఒడిస్తే అదే పోతది," అని నాయనమ్మ దాని కళ్ళలో నందివర్ధనం పూల రసం పిండింది. బస్సులు నడవడం లేదు, దారుల్లో ఎవరు ఎవరిని ఆపుతారో తెలియదు, అమ్మ ఒంటరిగా ఎక్కడికి పోగలదు? చివరికి మేనమామ కోదాడ నుంచి మమ్మల్ని చూసిపోదామని బండి కట్టుకుని వస్తే, అమ్మ ఎవరినీ అడగకుండా పిల్లను ఎత్తుకుని బండెక్కింది. ఏడిచి, వెంటపడి నేనూ ఎక్కాను. సూర్యాపేట చేరడానికి రెండు రోజులు పట్టింది. దవాఖానలో డాక్టరమ్మ కృష్ణ అవతలి మనిషి. రెండు కళ్ళూ రెప్పలు విప్పి చూసింది.

"ఇన్నాళ్ళూ ఏం పెట్టారమ్మా పిల్లకి?" అంది.

"గంజి," అంది అమ్మ.

"ఆకుకూరలు, పాలు పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. పది రోజుల ముందొచ్చినా చూపు నిలిచేది."

కొట్టం వెనక అమ్మ చేతిలో ఉన్న గిన్నె నాకు కళ్ళకు కట్టింది. అమ్మ నా వైపు చూస్తుందని తల వంచుకున్నాను. ఆమె చూడలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నన్ను ఆ మాట అడగలేదు.

చెల్లెలికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి పగలో చీకటో తెలిసేది, అంతే. ఇంటికి వచ్చాక డాక్టరమ్మ చెప్పినవి అమ్మ ఒక్కొక్కటే చెబుతుంటే నాయనమ్మ స్తంభానికి ఆనుకుని విన్నది. మర్నాడు తెల్లారేసరికి బావిగట్టుకు పోయి ఒడినిండా పొన్నగంటి కూర కోసుకొచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో మొదటి ముద్ద ఆకుకూరది, అది మింగితేనే రెండో ముద్ద. వారానికొకసారి మేక కార్జం. వద్దని ఏడ్చిన పిల్లల పక్కన గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడేది. గడబిడ సద్దుమణిగి నాయన తిరిగొచ్చిన రోజున చెల్లెలు ఆయన మొహాన్ని చేతులతో తడుముతుంటే, ఏమైందని ఆయన అడగకముందే, "నేనే చేసిన బిడ్డా," అని ముందుకొచ్చి చెప్పింది.

పదేళ్ళ తర్వాత నాయనమ్మ మంచం పట్టినప్పుడు చెల్లెల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "నా మీద కోపమున్నదా తల్లీ?" అని అడిగింది.

"నాకు కండ్లున్నప్పటి సంగతి ఏం యాదికి లేదు నాయనమ్మా. లేనిదానికి కోపమెందుకు?" అంది చెల్లెలు.

అది అబద్ధమని నాకొక్కదానికే తెలుసు. మా బర్రెదూడ నొసటి మీద తెల్లమచ్చ ఉండేది కదా అని అది నన్ను ఎన్నోసార్లు అడిగింది.

నాయనమ్మ అడగగలిగింది. నేను అడగలేకపోయాను. చెల్లెలు డెబ్బై ఏళ్ళు దాటి బతికింది, చివరి పదేళ్ళూ నా ఇంట్లోనే ఉంది, ఇద్దరం ఒకే గదిలో పడుకున్నాం, లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకున్నాం. కొట్టం వెనకాల ఆ పూట నేను చేసిన పని దానికి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఈనాటి పిల్లలకు రేచీకటి అన్న మాటే తెలియదు, చాలా మంచిదైంది. ఆ మాట విని ఉలిక్కిపడేవాళ్ళం కూడా ఇక ఎంతోమంది లేము. చెల్లెల్ని ఒక్కసారి అడిగి ఉంటే, అది నాయనమ్మతో ఆడినట్టే నాతోనూ అబద్ధమాడేది. ఆ అబద్ధం కోసమైనా అడగవలసింది.