మేడ మీది కిటికీ, గోదాం వెనుక మూల

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, నాకు ఎప్పటికీ ఏమీ అర్థం కాదన్న సంగతి అర్థమైంది, మరునాటి నుంచి బడికి పోలేదు. సార్లు కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. హాజరు పట్టీలో నా పేరు కొట్టేసిన రోజు వాళ్లందరూ కలిసి చాయ్ తెప్పించుకున్నారని తర్వాత తెలిసింది.

అటువంటి నా టెంపో ఎక్కి నెలకొక ఆదివారం పదిహేను మంది చదువుకున్నవాళ్లు చరిత్ర చూడటానికి బయల్దేరుతారు. అందరూ ఉద్యోగాలు చేసి రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నవాళ్లే. పాత భవంతులు, దొరల గడులు, పెద్దింటి వాకిళ్లు ఎక్కడున్నా వెతికి చూసి రావడం వాళ్ల సరదా. ముందుండి నడిపించేది ఒక సోషల్ సారు. రిటైరై చాలా ఏళ్లయినా ఆయన అంగీ జేబులో ఇంకా సుద్దముక్క ఉంటుంది. బండి ఎక్కగానే వెనక్కి తిరిగి తలలు లెక్కపెడతాడు. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగి వాళ్ల వైపే చూస్తాడు. ఒకసారి నేను హారన్ కొడితే కూడా అట్లాగే చూశాడు.

ఆ నెల మంథని పాత ఇళ్లు చూడాలనుకున్నారు. దారిలో ఒక ఊళ్లో గడి ఉందని, అక్కడ కాసేపు ఆగుతామని సారు చెప్పాడు. అది మా అవ్వ, అంటే మా అమ్మ, తల్లిగారి ఊరు. ఆ మాట ముందురోజు అన్నం తింటూ అవ్వ చెవిన వేశాను. ఆమె కలుపుతున్న ముద్ద గిన్నెలోనే వదిలేసింది.

"లోపటికి పోనిస్తరా?"

"పోనిస్తరట."

"మీది మేడకు?"

"మేడ ఎందుకే అవ్వా? మన ఇంటి రెండు మెట్లకే నీ మోకాళ్లు మొత్తుకుంటయి."

"ఒకటి చూసేదున్నది," అంది.

మా అవ్వకు డెబ్బై దాటాయి. పదేళ్లప్పుడు తన తల్లి వెంట ఆ గడికి పోయేది. తల్లి వడ్లు దంచేది, ఈమె వెనుక వాకిలి ఊడ్చేది. చీపురు పట్టుకుంటే మనిషి ఏదో చీపురు ఏదో తెలిసేది కాదట. ఊడ్చి నడుం ఎత్తగానే మేడ మీది కిటికీలోంచి దొరసాని గొంతు వినబడేది: "ఓ పోరీ, గోదాం ఎనుక మూల ఎవలు ఊడ్వాలే?" మళ్లీ పోయి ఊడ్చేది. తిరిగి వచ్చేసరికి వెనుక దొడ్డి దర్వాజ దగ్గర పనివాళ్లకు సల్ల, అదే మజ్జిగ, పోయడం అయిపోవచ్చేది.

"నా వంతుకు ఎన్నడు సల్ల రాలే బిడ్డా. సల్ల కుండ కడిగిన నీళ్లు వచ్చినయి. అరే, ఒకదినమైతే గా మూలనే ముందుగాల ఊడ్చిన, ఆఖరుకు మళ్లొకసారి ఊడ్చిన. అయినా గదే కూత! గామెకు మీది నుంచి గా మూల కనవడేదా, చూడకుంటనే ఊకెనే ఒర్రేదా? గిది తెల్వకుంట నేను పోను."

"మూలకు నిలవడి నెత్తి ఎత్తి కిటికీ దిక్కు చూస్తే తెలిసిపోతుండె గదా?"

మా అవ్వ నన్ను చూసిన చూపు, సోషల్ సారు హారన్‌ను చూసిన చూపు ఒకటే.

"నెత్తి ఎత్తుడా? గడిల? నువ్వు టెంపోలు వచ్చినంక పుట్టినవు తియ్యి."

"సరే, రేపు పొయ్యి నిలవడు. కింద నుంచి చూస్తే అయిపాయె. మెట్లెందుకు?"

"కిందికెల్లి మస్తు చూసిన. ఒక్కసారి మీదికెల్లి చూస్త."

అంతటితో ఆ రాత్రి మాటలు అయిపోయాయి. పొద్దున నేను బండి తుడుస్తుంటే అవ్వ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. పట్టు అంచు చీర, నెత్తికి నూనె. సారు తలలు లెక్కపెట్టి "ఒకటి ఎక్కువైంది" అన్నాడు. "అది బండితో వచ్చిన సామాను సార్" అన్నాను. డొక్కలో మోచేయి తగిలింది.

మొదట కరీంనగర్ పాత బజారులో ఒక భవంతి చూశాం. నడుమ ఆకాశం కనబడే వాకిలి, నాలుగు వైపులా అరుగులు, కప్పును మోసే పువ్వులు చెక్కిన టేకు మొగురాలు. ఆ ఇంటావిడ ఎండు మిరపకాయలు పరిచి తొడిమెలు తీస్తోంది. మొగురాల కన్నా మావాళ్లకు మిరపకాయలే ఎక్కువ నచ్చాయి. పదిహేను మంది పదిహేను ఫోన్లు తీసి వాటి చుట్టూ తిరిగారు. ఆ ఘాటుకు సారుకు తుమ్ములు పట్టుకున్నాయి. ఇంటి వయసెంతో చెప్పబోయి తుమ్మాడు, మళ్లీ చెప్పబోయి తుమ్మాడు. ఆ ఇంటి వయసు ఎవరికీ తెలియకుండానే బయటికి వచ్చాం.

"మీ బాపు గిసొంటి ఇల్లు కడ్తనన్నడు, నన్ను చేసుకున్నప్పుడు," అంది అవ్వ బండెక్కుతూ.

"మరి?"

"మిరపకాయలైతే తెచ్చిండు."

గడి దగ్గరికి చేరేసరికి ఎండ ముదిరింది. ఊరి చివర ఎత్తు గోడ, రెండు బురుజులు, బండి పట్టేంత దర్వాజ. సారు దర్వాజ ముందు నిలబడి, ఒకప్పుడు ఈ దారిన పోయేవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాళ్లని, ఆ రోజులు పోయాయని, ఇప్పుడు ఎవరైనా తల ఎత్తుకుని పోవచ్చని గట్టిగా చెబుతున్నాడు. చదువుకున్న గొంతు, బాగా పలికింది. అంతలో మా అవ్వ బండి దిగింది. ఎవరూ ఏమీ అనకముందే చెప్పులు విడిచి చంకలో పెట్టుకుంది. ఆమె వెనుక దిగిన నేను, ఎందుకో నాకే తెలియదు, నా చెప్పులు విడిచాను. నా వెనుక దిగిన ఇద్దరు మేడమ్‌లు, లోపల దేవుడు ఉన్నాడేమో అనుకుని వాళ్లవీ విడిచారు. రెండు నిమిషాల్లో దర్వాజ ముందు చెప్పుల కుప్ప. అందరం కాలే బండల మీద ఒంటికాలి మీద ఒకసారి, రెండోకాలి మీద ఒకసారి నిలబడి, ఆ రోజులు ఎట్లా పోయాయో విన్నాం. ప్రసంగం అయ్యాక సారు కిందికి చూసుకున్నాడు. ఆయన బూట్లు కూడా కుప్పలోనే ఉన్నాయి.

"ఎవరు మొదలుపెట్టారు ఇది?" అన్నాడు.

మా అవ్వ అప్పటికే గోడ పక్కనుంచి దొడ్డి దర్వాజ వైపు నడిచిపోతోంది. పరుగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాను.

"గిటు, అవ్వా. ముందటికెల్లి."

"గిటు నాకు తొవ్వ తెల్వదురా," అంది. నిజంగానే, దర్వాజ లోపల రెండడుగులు వేసి, చుట్టాలింటికి వచ్చినట్టు గోడకు ఆనుకుని నిలబడింది.

గడివాళ్లు ఎప్పుడో పట్నం పోయి వ్యాపారాల్లో ఉన్నారు. తాళం చెవి ఒక కావలాయన దగ్గర ఉంది. కింద అన్నీ చూపించాడు. దొర పంచాయతీలు చెప్పిన కచ్చీరు అరుగు, డంగుసున్నం గోడలు, పావురాలు కాపురం పెట్టిన పెద్ద అర్ర. మేడ మెట్ల దగ్గర మాత్రం చేతులు అడ్డం పెట్టాడు.

"మీదికి బంద్. కింది చెక్కలు మెత్తవడ్డయి. పోయినేడు ఒకాయన సెల్ఫీ దిగుతనని పోయి కాలు కిందికి దిగేసిండు. అగో, గా బొక్క ఆయనదే."

అందరం తలెత్తి కప్పులో ఆ బొక్కను చూశాం. చరిత్రలో నాకు బాగా అర్థమైంది అదొక్కటే.

సారు కూడా "వద్దమ్మా, ప్రమాదం" అన్నాడు. మా అవ్వ మెట్ల కింద కూర్చుంది. అలిగి కాదు, కాళ్లు మాట వినక. కానీ లేవలేదు. చంకలో చెప్పులు అట్లాగే ఉన్నాయి.

"మీరు చూసి రాండ్రి. నేను గీడ ఉంట," అంది.

అప్పుడు మా గుంపులో ఎప్పుడూ మాట్లాడని ఒక పెద్దాయన, అందరికీ కాక, ముందుకొచ్చాడు. మిగతావాళ్లు సార్లు, ఆఫీసర్లు అయితే ఆయన బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. చేతికర్ర తిప్పి పట్టుకుని, పిడితో కప్పు దూలాన్ని కొట్టాడు. చెవి పెట్టాడు. ఇంకో అడుగు వేసి మళ్లీ కొట్టాడు.

"ఏం చేస్తున్నవు కాకా?"

"సప్పుడు చెయ్యకు. కప్పు మాట్లాడుతది. మంచిగున్నది గంట లెక్క మోగుతది, చెడ్డది డొల్ల పలుకుతది."

ఇంత చదువుకున్న గుంపంతా, వాళ్లతో నేనూ, నోరు మూసుకుని దూలం ఏమంటుందో విన్నాం. నాకైతే అన్నీ ఒకేలా వినబడ్డాయి. బడిలో కూడా నాది ఇదే ఇబ్బంది. కాక మాత్రం అర్ర అంతా తిరిగి, సారు జేబులోంచి అడగకుండానే సుద్దముక్క తీసుకుని మెట్లెక్కాడు. పైన కొడుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఆ లోపు మావాళ్లు వెనుక వాకిట్లో బాయి దగ్గర ఫలహారం కానిచ్చారు. కాక దిగి వచ్చి కావలాయనతో అన్నాడు:

"దూలాలు మంచిగున్నయి, నడుమ చెక్కలే చెడిపోయినయి. దూలం మీద గీత గీసిన. గీత మీద ఏనుగు పోయినా ఏం గాదు. ఒక్కొక్కలే పోవాలె. ముందు గీ అక్క."

కావలాయన బొక్క వైపు, కాక వైపు, మా అవ్వ వైపు మార్చి మార్చి చూశాడు. "జర పైలం. మీరు పడ్డా మంచిదే గాని, నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి," అని పక్కకు జరిగాడు.

నేను వెంట బయల్దేరితే అవ్వ ఆపింది. "నువ్వెందుకు? నువ్వు గోదాం ఎనుక మూలకు పో."

కాక చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. నేను వెనుక వాకిలికి వచ్చాను. వడ్ల గోదాం ఇంకా నిలిచే ఉంది, రాతి గోడలు. దాని వెనుక సందులో, ప్రహరీ గోడ కలిసే మూలలో నిలబడ్డాను. నాకు గోడ, గోడ మీద ఒక బల్లి కనబడుతున్నాయి. మిగతావాళ్లంతా వాకిట్లో నిలబడి ఒకసారి మేడను, ఒకసారి గోదాంను చూస్తున్నారు.

"ఉన్నావురా?" పైనుంచి గొంతు.

"ఉన్న!"

"చెయ్యి లేపు!"

లేపాను.

"లేపినవా?"

"లేపిన!"

"రెండు లేపు! ఎగురు!"

ఈ వయసులో, ఈ పొట్టతో, బల్లి చూస్తుండగా ఎగిరాను.

"కనవడుతలేవు!" అంది అవ్వ. ఆ కేక ఊరంతా వినబడి ఉంటుంది. "ఏం కనవడుతలేదు! గోదాం ఒక్కటే కనవడుతున్నది! ఊకెనే ఒర్రింది! ఊకెనే ఒర్రిందిరా!"

వాకిట్లో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను సందులోంచి బయటికి వచ్చి తలెత్తి చూశాను. మా అవ్వ కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. చెప్పులు అక్కడే కిటికీ గూట్లో పెట్టింది. ముఖం చిన్నగా కనబడుతోంది గాని నవ్వుతోందని తెలుస్తోంది. వాకిలంతా ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా చూసింది. చూసి చూసి, అంది:

"గా కాయిదం ప్లేట్లు ఎవలియి? ఎర్ర చీర మేడమూ, నీ సీసా కింద పడ్డది. సారూ, బాయి కాడ అరటి తొక్క!"

సారు వంగి తొక్క తీశాడు. ఎర్ర చీర మేడమ్ సీసా తీసుకుంది. ఊళ్లేలిన ఆఫీసర్లు ఫలహారం ప్లేట్లు ఏరుతున్నారు. ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఆ కిటికీలోంచి ఏది వినబడినా చెయ్యాలనిపిస్తుంది కాబోలు.

"ఓరి, నువ్వేం చూస్తున్నవు? గోదాం ఎనుక ఆకులు అట్లనే ఉన్నయి, తియ్యి!"

పోయి తీశాను. రెండు చేతుల నిండా ఎండుటాకులు పట్టుకుని నడుం ఎత్తాక గాని నాకు తట్టలేదు, ఆమె ఇప్పుడే ఏమందో.

దిగి వచ్చాక సారు చిన్న నోట్‌బుక్ తీసి అడిగాడు. "పెద్దమ్మా, ఇన్నేళ్లకు పైకి ఎక్కారు గదా, ఏమనిపించింది?"

అవ్వ మేడ వైపు ఒకసారి చూసింది.

"గాలి మంచిగ వస్తది సారూ."

ఆయన అదే రాసుకున్నాడు.

తర్వాత మంథని పోయి నాలుగిళ్లు చూశారు. అవ్వ బండి దిగలేదు. ఇంక చూసేది ఏమీ లేదని సీట్లోనే కునుకు తీసింది. తిరుగు దారిలో పెద్దపల్లి దాటాక లేచింది. అందరూ నిద్రలో ఉన్నారు. నేను ఆగలేక అడిగాను.

"అవ్వా, ఒక మాట. గా మూల కనవడుతలేదని నువ్వే ఒర్రితివి. మరి ఆకులున్నయని ఎట్ల తెలిసింది నీకు?"

మా అవ్వ నా దిక్కు తిరగనైనా లేదు.

"తీసేది నువ్వని తెలిసినంక, మళ్ల చూసుడెందుకురా?"